డబ్ రికార్డు గెంతుతోందా? ముందు బల్ల చూడండి

జమైకా సంగీతకారుడు అగస్టస్ పాబ్లో 1976 నాటి డబ్ ఆల్బమ్ 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' మళ్లీ ప్రెస్ చేసిన ఎల్‌పీ కొన్నారా? బేస్ వచ్చినప్పుడల్లా "ఊఁ..." అని మోత లేచినా, ముల్లు గెంతినా రికార్డు పాడైందని వెంటనే వాపసు పంపకండి. నేను ఒకటి అలాగే పంపేశాను. తీరా చూస్తే తప్పు నాదే: టర్న్‌టేబుల్, స్పీకర్లు ఒకే బల్ల మీద పెట్టాను.

డబ్ అంటే రెగె పాటల్ని మళ్లీ మిక్స్ చేసే పద్ధతి. అందులో గొంతును చాలాచోట్ల తీసేసి డ్రమ్స్, బేస్‌ను ముందుకు తెస్తారు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీ చేయి తిరిగింది ఆ పనిలోనే. ఆ బేస్‌కి బల్ల అదురుతుంది. ఆ అదురు ముల్లుకెక్కి మళ్లీ స్పీకర్లోంచే బయటికొస్తుంది.

ఇలా పరీక్షించండి. ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ రోజూ వినేంత పెట్టి, బల్లను వేలితో మెల్లగా తట్టండి. స్పీకర్లో 'దబ్' అని గట్టిగా వినిపిస్తే (అదీ డబ్ సంగీతమే అంటారు మా ఇంట్లో) స్పీకర్లను వేరే స్టాండ్ మీదకి మార్చేయండి. అయినా గెంతుతుంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) కంపెనీ చెప్పిన గ్రాముల్లోనే ఉందా అని చూడాలి. కొత్త రికార్డుకీ కవర్ కాగితం పొడి అంటుకుని ఉంటుంది, బ్రష్‌తో ఓసారి తుడవండి.