సీమంతం ఫొటోషూట్ నేర్చుకుందాం – మూడో పాఠం: చీరకట్టు, కిటికీ వెలుగు

కిందటి రెండు పాఠాల్లో తేదీ, చోటు తేల్చుకున్నాం. గర్భం 28 నుంచి 34 వారాల మధ్య ఉన్నప్పుడైతే పొట్ట గుండ్రంగా తెలుస్తుంది, కాబోయే అమ్మకీ మరీ ఆయాసం ఉండదు. కవలలైతే ఇంకా ముందే కానిచ్చేయాలి. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నవాళ్ళకి బయటి షూట్ ఊసే వద్దు, ఇంట్లోనే తీయాలి. ఇంతవరకూ గుర్తుంటే చాలు. ఈ పాఠంలో బట్టలు, వెలుగు రెండూ కలిపే చెప్తున్నాను. చీర ఎటు కట్టారో దాన్నిబట్టే ఆమెను వెలుగుకి ఎటు తిప్పి నిలబెట్టాలో తేలుతుంది.

ముందుగా ఒక మాట. ఒంట్లో హాయిగా లేకపోతే ఆ ఇబ్బంది మొదట కనుబొమల్లో, తర్వాత వేళ్ళలో కనిపిస్తుంది. ఎడిటింగులో చర్మాన్ని నున్నగా చేయొచ్చు గానీ, బిగుసుకుపోయిన వేళ్ళని వదులు చేయలేం. కింద చెప్పే పద్ధతుల్లో చాలావాటి ఉద్దేశం ఆమె నిలబడే సమయాన్ని తగ్గించడమే. మొత్తం షూట్ గంటన్నర దాటకూడదు. అందులోనే బట్టలు మార్చుకోవడం, కూర్చోవడం, మంచినీళ్ళు, బాత్రూమ్, అన్నీ.

ఏ చీర

అద్దెకి దొరికే పొడుగాటి గౌన్ల గురించి ఎక్కువ చెప్పను. సాగే బట్ట కాబట్టి కొలతల బెంగ లేదు, వేసుకోవడం రెండు నిమిషాల పని. వెనకాల కుచ్చు ఎగరేయడానికి ఒక మనిషి ఉంటే సరిపోతుంది. నేర్చుకోవాల్సిన పని చీరలోనే ఉంది.

బరువైన కంచిపట్టు మామూలప్పుడు ఎంత నిండుగా ఉంటుందో, ఏడో నెల దాటాక అంత ఇబ్బంది పెడుతుంది. కుచ్చిళ్ళు పొట్ట కింద గుట్టలా లేస్తాయి. ఉబ్బింది బట్టో పొట్టో ఫొటోలో తెలియదు. జార్జెట్, షిఫాన్ ఒంటిని అంటిపెట్టుకుని వంపుని బాగా చూపిస్తాయి, దాంతోపాటు లోపలి లంగా ముడినీ చూపిస్తాయి. నేను ఎక్కువగా అడిగేది ఈ రెండింటికీ మధ్య ఉండేవి: వెంకటగిరి, మంగళగిరి నూలు చీరలు, ఉప్పాడ జాందానీ, నూలు ఒళ్ళుకి పట్టు అంచు కలిపిన గద్వాల. తేలిగ్గా ఉంటాయి, చెమట పట్టినా చిరాకు పెట్టవు, పొట్ట మీద మెత్తగా పడతాయి.

పోచంపల్లి ఇక్కత్ అంటే నాకు ప్రాణం. అయినా ఒళ్ళంతా పెద్ద డిజైన్ ఉన్న ఇక్కత్‌ని ఈ షూట్‌కి వద్దనే చెప్తాను. గళ్ళూ, డైమండ్లూ పొట్ట వంపుని ముక్కలు చేసేస్తాయి. ఒళ్ళు సాదాగా, అంచు కొట్టొచ్చినట్టు ఉండే చీర తీసుకోండి. ఆ అంచు పొట్ట పైనుంచి వంపు తిరుగుతూ వెళ్ళి ఆకారాన్ని గీసి చూపిస్తుంది. రంగు ఎంచుకునేటప్పుడు గోడని చూడండి. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే క్రీమ్, లేత పసుపు గోడల ముందు గంధం రంగు చీర కలిసిపోతుంది. ముదురాకుపచ్చ, మెరూన్, వంకాయరంగు అయితే పొట్ట అంచు గోడ నుంచి స్పష్టంగా విడిపడి కనిపిస్తుంది.

జాకెట్టు సంగతి వారం ముందే చూసుకోవాలి. ఈ నెలల్లో పాత జాకెట్లు పట్టవు. టైలర్లు లోపల కుట్టు పక్కన కాస్త బట్ట వదిలి ఉంచుతారు, అది విప్పించి వదులు చేయించుకోవచ్చు. గాజులూ అంతే. చేతులు వాచి ఉంటాయి కాబట్టి ఎప్పుడూ 2.4 వేసుకునే ఆమెకి 2.6 తెప్పించండి. ఉంగరాలు పెట్టించే ముందు వేలు చూడండి. బిగుతుగా ఉంటే పెట్టొద్దు.

కట్టడం

ఇది మెల్లగా చదవండి, ఒకసారి చేసి చూడండి.

ఆమె రాకముందే చీర తయారైపోవాలి. పైట కుచ్చిళ్ళు ముందురోజే మడిచి, ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి ఉంచండి. నడుము కుచ్చిళ్ళు కూడా లెక్క చూసి క్లిప్ వేసి పెట్టుకోవచ్చు. ఇలా చేస్తే ఆమె నిలబడాల్సింది ఐదారు నిమిషాలే. లోపలి లంగాకి బొందు బదులు వెడల్పాటి ఎలాస్టిక్ ఉంటే మేలు. బొందే అయితే ముడి పొట్ట మీదికి రానివ్వకండి, పొట్ట కింద, తుంటి పక్కకి వేయండి.

చీర ఐదున్నర మీటర్లే, చుట్టుకొలత మాత్రం పెరిగింది. కాబట్టి కుచ్చిళ్ళకి మిగిలే బట్ట తక్కువ. ఎప్పుడూ ఏడు వచ్చేచోట ఐదు వస్తాయి. లాగి ఏడు చేయడానికి చూడకండి. ఇంకో విషయం చాలామంది గమనించరు: పొట్ట ముందుకి వచ్చినకొద్దీ చీర ముందు అంచు పైకి లేస్తుంది. వెనక నేలకి తగులుతున్న చీర ముందు వైపు చీలమండ దాకా వచ్చేస్తుంది. అందుకని దోపేటప్పుడు ముందు వైపు రెండు వేళ్ళ మందం కిందికి వదిలి దోపండి. ఆమె చెప్పులు వేసుకున్నాకే అంచు చూడండి.

పైటని సన్నని కుచ్చిళ్ళుగా భుజం మీద పెట్టి, దాని లోపలి అంచు పొట్ట మీదుగా కాకుండా ఛాతీ కిందుగా, పొట్ట పైభాగాన్ని ఆనుకుని వెళ్ళేలా సర్దండి. పిన్నీసు భుజం దగ్గర మాత్రమే, అదీ లోపలి వైపు నుంచి. పొట్ట చుట్టుపక్కల ఒక్క పిన్ను కూడా వద్దు. కూర్చున్నా, వంగినా గుచ్చుకునే ప్రమాదం ఉంది. వడ్డాణం పెట్టాలని పెద్దవాళ్ళు ముచ్చటపడితే పొట్టకి పైన వదులుగా పెట్టి, నాలుగు ఫొటోలు తీసి తీసేయండి.

ఎడమ వైపా, కుడి వైపా

మామూలు కట్టులో చీర కుడి నడుము నుంచి ముందుగా వచ్చి ఎడమ భుజం మీదికి వెళ్తుంది. అంటే కుడి పక్కంతా బట్ట కప్పి ఉంటుంది, ఎడమ పక్క నడుము, పొట్ట కాస్త తెలుస్తాయి. పక్క నుంచి తీసే ఫొటోకి ఇదే కీలకం. పొట్ట చర్మం కనిపించడం ఆమెకి ఇష్టమైతే ఎడమ పక్క కెమెరా వైపు ఉంచండి. ఇష్టం లేకపోతే కుడి పక్క తిప్పండి. నిండుగా బట్ట ఉంటుంది, వంపు కూడా అందంగా తెలుస్తుంది. ఈ మాట షూట్ మధ్యలో పదిమంది ముందు అడగకూడదు, ముందే ఆమెను విడిగా అడిగి తెలుసుకోండి.

ఏ పక్క అన్నది తేలాక కిటికీ చూడండి. ఆమె కిటికీకి ఎదురుగా, మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడాలి. మీరు ఆమెకి పక్కగా నిలబడతారు. ముఖం మీద, పొట్ట ముందు భాగం మీద వెలుగు పడుతుంది, వీపు వైపు నీడలోకి జారుతుంది. ఆ వెలుగు నీడల మధ్యే గుండ్రం తెలుస్తుంది. కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా పడి ఈ నీడంతా చెరిపేస్తుంది, పొట్ట చదునుగా కనిపిస్తుంది.

గదిలో ట్యూబ్‌లైట్లు, బల్బులు అన్నీ ఆర్పేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు వస్తాయి. కిటికీలో ఎండ నేరుగా పడుతూ, గ్రిల్ నీడలు చీర మీద గీతలు గీస్తుంటే, తెల్లటి పల్చని పంచె ఒకటి కిటికీకి కట్టండి. ఏ ఖరీదైన సామానూ ఇంతకంటే మెత్తటి వెలుగు ఇవ్వదు. వీపు వైపు మరీ చీకటి అనిపిస్తే ఎవరిచేతైనా తెల్ల థర్మోకోల్ షీట్ పట్టించండి.

ఫోన్‌తో తీసేవాళ్ళు దగ్గరికి వెళ్ళి తీయకండి. దగ్గరగా ఉన్న వెడల్పు లెన్స్ ముందుకొచ్చిన పొట్టని ఇంకా పెద్దది చేసి, ముఖాన్ని చిన్నది చేస్తుంది. రెండున్నర మీటర్లు వెనక్కి వచ్చి 2ఎక్స్ జూమ్ పెట్టండి. కెమెరా ఉంటే 50 లేదా 85 ఎం.ఎం. లెన్స్. కెమెరా ఎత్తు ఆమె ఛాతీకి సమానంగా ఉండాలి. పొడుగ్గా ఉన్న భర్త తన కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా వస్తాయి.

చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అందరూ తికమకపడతారు. 1991 ఆగస్టులో అమెరికా పత్రిక వానిటీ ఫెయిర్ ముఖచిత్రంగా, గర్భిణిగా ఉన్న హాలీవుడ్ నటి డెమీ మూర్ ఫొటో వచ్చింది. దాన్ని ఫొటోగ్రాఫర్ యానీ లీబోవిట్జ్ తీశారు. ఈ రకం ఫొటోలకి అంత ఆదరణ రావడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. అందులో ఒక చేయి పొట్టని కింది నుంచి ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. మనం తీసుకోవాల్సింది ఆ చేయినే. ఒక చేయి పొట్ట కింద, ఇంకోటి పైన, వేళ్ళు విడివిడిగా, గట్టిగా నొక్కకుండా. కెమెరాకి దగ్గరున్న కాలు మోకాలు కొంచెం ముందుకి వంచి, బరువు వెనక కాలి మీద వేయమనండి. నడుము నొప్పి ఉన్నవాళ్ళకి ఒక చేయి కుర్చీ వీపు మీద ఆన్చనివ్వండి.

పూలజడ, అద్దం

ఈ ఒక్క ఫొటో కోసం పాఠం మొత్తం రాయమన్నా రాస్తాను. మన అమ్మమ్మల కాలంలో స్టూడియోల్లో పూలజడ వేసిన అమ్మాయిని అద్దం ముందు నిలబెట్టేవారు. ఒకే ఫొటోలో వెనక జడ, అద్దంలో ముఖం. ఇప్పుడు దానికి అద్దంలో పొట్ట మీద చేయి కూడా తోడవుతుంది.

ఆమె అద్దానికి మీటరు దూరంలో ఉంది, మీరు ఆమె వెనక రెండు మీటర్ల దూరంలో ఉన్నారు అనుకోండి. కెమెరాకి జడ రెండు మీటర్లలో ఉంది. అద్దంలో ముఖం మాత్రం మీ నుంచి అద్దం దాకా మూడు, అక్కడి నుంచి ముఖానికి ఇంకొకటి, మొత్తం నాలుగు మీటర్లలో ఉన్నట్టు లెక్క. కెమెరాలో ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్తుంది, అంకె చిన్నదైతే స్పష్టంగా వచ్చే లోతు తక్కువ. ఎఫ్ 1.8లో తీస్తే రెండిట్లో ఒకటి మసకబారుతుంది. ఎఫ్ 8 పెట్టి ముఖం మీద ఫోకస్ చేయండి, వెలుగు చాలకపోతే ఐ.ఎస్.ఓ. (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచండి. ఫోన్ అయితే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేసి, అద్దంలోని ముఖం మీద వేలితో తాకండి. మీరు అద్దంలో పడకుండా ఒక అడుగు పక్కకి జరిగి, అద్దాన్ని కాస్త ఏటవాలుగా తిప్పండి. వెలుగు ముఖం వైపు కావాలి కాబట్టి కిటికీ అద్దం పక్కన ఉండాలి, మీ వెనక కాదు.

మల్లెమొగ్గల జడ అయితే ఉదయమే తీయండి. సాయంత్రానికి మొగ్గలు విచ్చుకుని జడ అల్లిక తీరు పోతుంది. జడ బరువు మెడని లాగుతుంది. అందుకే షూట్‌లో మొదటి అరగంట దీనికే ఇచ్చి, ఆ తర్వాత విప్పేయండి.

సముద్రం దగ్గర అయితే

విశాఖలోనో, కాకినాడలోనో తీసేవాళ్ళకి ఒక్క మాట. సినిమాల్లో చూసి సాయంత్రం సముద్రంలో సూర్యుడు మునుగుతాడని వెళ్తే నిరాశే. మనది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక దిగుతాడు, సముద్రం మీద వెలుగు కావాలంటే తెల్లవారే వెళ్ళాలి. విశాఖలో మే చివర దాదాపు 5.20కే పొద్దుపొడుస్తుంది, జనవరిలో 6.30 అవుతుంది. పొద్దున్నే జనం తక్కువ, మధ్యాహ్నం నుంచి పెరిగే సముద్రపు గాలి కూడా అప్పుడు ఉండదు, పైట చెప్పినమాట వింటుంది. తడి రాళ్ళు ఎక్కించకండి. అలలు ఆమె పాదాలు దాటి రాకూడదు.

ఆమె ఒళ్ళు చెప్పేది

పావుగంటకోసారి కూర్చోబెట్టండి. తినడానికి రెండు అరటిపండ్లో, పెరుగన్నమో దగ్గర ఉంచండి. పూలరేకుల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీసే ఫొటోలు మీకూ నచ్చి ఉంటాయి. ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరగొచ్చు. ఎడమ పక్కకి ఒత్తిగిలి, వీపు వెనక దిండు పెట్టి తీయండి. పైనుంచి తీసినా ఫొటో అంతే బాగుంటుంది. తల తిరుగుతోందన్నా, పొట్ట బిగుస్తోందన్నా అక్కడితో కెమెరా పక్కన పెట్టేయండి.

ఇంట్లో పెద్దవాళ్ళకి దిష్టి భయం ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి. ఒక ఇంట్లో అత్తగారు గుమ్మం దగ్గరే ఆగి, "పొట్ట చూపిస్తూ ఫొటోలేంటమ్మా, నలుగురి కళ్ళూ పడవూ?" అన్నారు. "బిడ్డ పుట్టి మీ చేతికొచ్చేదాకా ఈ ఫొటోలు ఎక్కడా పెట్టం పెద్దమ్మగారూ. దిష్టిచుక్క మీరే పెట్టండి, అది కూడా ఫొటో తీస్తాను" అన్నాను. ఆవిడ కాటుక తెచ్చి కోడలి అరికాలికి పెట్టారు. ఆ రోజు తీసినవాటిలో ఆ ఇంటివాళ్ళు గోడకి పెట్టుకున్నది ఆ ఫొటోనే.

ఇంకొకటి. అమెరికాలో ఉన్న చుట్టాల ఫొటోలు చూసి, నీలం పొగ, గులాబీ పొగ వదిలి బాబో పాపో చెప్పే షూట్ కావాలని అడిగేవాళ్ళున్నారు. 1994 నాటి చట్టం ప్రకారం మన దేశంలో పుట్టబోయే బిడ్డ ఆడో మగో తెలుసుకోవడం, చెప్పడం నేరం. అలాంటి షూట్ ఒప్పుకోకండి. పొగ డబ్బాలు గర్భిణి దగ్గర ఎలాగూ వద్దు.

ఇంటిపని

వచ్చే పాఠంలోపు మూడు పనులు చేయండి. మీ ఇంట్లో ప్రతి కిటికీ దగ్గరా ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఒకే మనిషిని పక్కగా నిలబెట్టి ఫొటో తీసి, ఏ కిటికీ ఏ వేళకి మెత్తటి వెలుగు ఇస్తుందో కాగితం మీద రాసుకోండి. ఎవరైనా అక్కనో వదిననో బతిమాలి, పొట్టకి చిన్న దిండు కట్టి, నూలు చీర కట్టించి, ముందు అంచు ఎంత లేస్తోందో స్వయంగా చూడండి. చివరిగా అద్దం ఫొటో ఒకటి ఎఫ్ 1.8తో, ఒకటి ఎఫ్ 8తో తీసి పక్కపక్కన పెట్టుకోండి. నాలుగో పాఠంలో భర్తనీ, మొదటి బిడ్డనీ ఫ్రేమ్‌లోకి తీసుకొస్తాం. మూడేళ్ళ పిల్లాడు అమ్మ పొట్టకి చెవి ఆనించి పట్టుమని పది క్షణాలు ఉండడు కాబట్టి, షట్టర్ వేగం గురించి అప్పుడే వివరంగా చెప్తాను.