మోడల్ రైలు వైరింగ్ – 4వ పాఠం: పాయింటు దగ్గర షార్టు రాకుండా

మూడో పాఠంలో నిడదవోలు జంక్షన్ నమూనాకు మెయిన్ లైను పరిచి, బోర్డు కింద ఎర్ర, నల్ల బస్ తీగలు (పట్టాలన్నిటికీ కరెంటు మోసే ప్రధాన తీగలు) లాగాం. ఇప్పుడు భీమవరం బ్రాంచి విడిపోయే చోట మొదటి పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల అమరిక) పెడదాం. హెచ్‌ఓ గేజి (పట్టాల మధ్య 16.5 మి.మీ.), లోహపు ఫ్రాగ్ (రెండు లైన్ల లోపలి పట్టాలు కలిసే V ఆకారపు ముక్క) ఉన్నది తీసుకోండి. ప్లాస్టిక్ ఫ్రాగ్ పాయింటుకు తీగల పని తక్కువే గానీ, చిన్న ఇంజన్లు నెమ్మదిగా పోతూ దానిమీద ఆగిపోతాయి.

రాజమండ్రి వైపు నుంచి చూస్తే మన నమూనాలో బ్రాంచి ఎడమకు తిరుగుతుంది. పాయింటులో కదలని బయటి పట్టాలే స్టాక్ పట్టాలు. ఎడమ స్టాక్ పట్టా ఎరుపు (అంటే ఎర్ర బస్ తీగకు కలిపినది), కుడి స్టాక్ పట్టా నలుపు అనుకోండి. ఈ రెంటికీ ఎప్పటికీ రంగు మారదు. చిక్కంతా లోపలి లోహంతోనే. బండి తిన్నగా పోతే ఫ్రాగ్ ఎడమ పట్టా పని చేస్తుంది, అంటే ఎరుపు కావాలి. బ్రాంచికి తిరిగితే అదే ఫ్రాగ్ కుడి పట్టా అవుతుంది, నలుపు కావాలి. పాయింటు కొన్నప్పుడు ఉన్నట్టే వాడితే, టంగ్ పట్టా (పాయింటులో అటూ ఇటూ కదిలే, మొనదేలిన పట్టా) స్టాక్ పట్టాకు ఆనుకుంటేనే ఫ్రాగ్‌కు కరెంటు అందుతుంది. ఆ ఆనుడును నమ్మకండి. కాస్త దుమ్ము, కాస్త తేమ చాలు, కరెంటు తెగిపోవడానికి.

షార్టు (ఎరుపు, నలుపు నేరుగా కలిసిపోవడం) రెండు చోట్ల పుడుతుంది. మొదటిది ఫ్రాగ్ వెనకాల. ఫ్రాగ్ నుంచి చీలే రెండు లోపలి పట్టాల్లో మెయిన్ లైనుది ఎరుపు, బ్రాంచిది నలుపు. అవతల లైన్లకు విడిగా కరెంటు ఇస్తే రెండు రంగులూ ఫ్రాగ్‌లో కలుస్తాయి. అందుకే ఆ రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లే (కరెంటు పారనివ్వని అతుకులు) వేయాలి. ఒకదానికి వేసి రెండోది వదిలేస్తే, పాయింటు ఒక దిక్కుకు బాగానే పని చేస్తుంది, రెండో దిక్కుకు తిప్పగానే షార్టు.

రెండోది తెరుచుకున్న టంగ్ పట్టా దగ్గర. అది ఫ్రాగ్‌తో కలిసి ఉంటుంది కాబట్టి పక్కనున్న స్టాక్ పట్టాకు వ్యతిరేక రంగులో ఉంటుంది. చక్రాల మధ్య దూరం కాస్త తగ్గిన పెట్టె వస్తే చక్రం వీపు ఆ టంగుకు తగులుతుంది. రెప్పపాటు షార్టు. డీసీలో (పట్టాల వోల్టేజి మార్చి నడిపే మామూలు పద్ధతి) బండి కుదుపుతో సరి, డీసీసీలో (డిజిటల్ ఆదేశాలతో నడిపే పద్ధతి) మాత్రం బూస్టర్, అంటే పట్టాలకు కరెంటు ఇచ్చే పరికరం, మొత్తం లేఅవుట్‌ను ఆపేస్తుంది.

విరుగుడు: టంగులను ఫ్రాగ్ నుంచి విడదీసి, ప్రతి టంగునూ దాని స్టాక్ పట్టాతో కలపాలి. కొన్ని పీకో కంపెనీ పాయింట్ల అడుగున ఇందుకోసమే సన్నని లింకు తీగలుంటాయి, వాటిని తుంచితే చాలు. లేకుంటే టంగు కీలుకూ ఫ్రాగ్‌కూ మధ్య కటింగ్ డిస్కుతో రెండు పట్టాలూ కోయండి. తర్వాత 7/0.2 తీగ (0.2 మి.మీ. పోగులు ఏడున్నది) ముక్కతో టంగునూ స్టాక్ పట్టానూ సోల్డర్ చేయండి. 25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్. రెండు మూడు సెకన్లకు మించి వేడి తగిలితే స్లీపర్లు కరుగుతాయి.

కోసిన సందును ఖాళీగా వదలకండి. వానాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. పైగా రోహిణీ కార్తె ఎండకు పట్టా సాగుతుంది. ఆగస్టులో కోసిన సందు మేలో మూసుకుపోయి, ఏ కారణమూ కనబడని షార్టు వస్తుంది. డెల్టాలో లేఅవుట్ కట్టేవాళ్లు ఈ ఒక్కటీ అశ్రద్ధ చేయకూడదు. పాత ఏటీఎం కార్డు 0.76 మి.మీ. మందం ఉంటుంది. చిన్న ముక్క కోసి, సందుకు సరిపడా అరగదీసి, సూపర్ గ్లూతో అంటించి, పట్టా ఆకారానికి ఆకురాయితో రాయండి. బోర్డు అంచులకూ అడుగుకూ వార్నిష్ కొట్టండి.

ఇక ఫ్రాగ్‌కు రంగు మార్చే స్విచ్. మూడు కాళ్ల స్లైడ్ స్విచ్ చాలు. మధ్య కాలు నుంచి ఆకుపచ్చ తీగ ఫ్రాగ్‌కు, చివరి కాళ్లు ఎరుపు, నలుపు బస్‌లకు. దాని మీటకు బెజ్జం వేసి, 0.8 మి.మీ. స్ప్రింగు స్టీలు తీగతో పాయింటు కడ్డీకి (రెండు టంగులనూ కలిపి కదిపే పట్టీ) తగిలిస్తే ఒకే కదలికతో టంగూ కదులుతుంది, రంగూ మారుతుంది. స్విచ్ కదలిక ఎక్కువైతే మిగిలినది ఆ తీగ వంగి సర్దుకుంటుంది. బిగించే ముందు చివరి కాళ్ల మధ్య మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి మీటను నెమ్మదిగా జరపండి. ఎక్కడైనా బీప్ వస్తే అక్కడ ఎరుపు, నలుపు కలుస్తున్నట్టే, ఆ స్విచ్ పనికిరాదు.

పరీక్షించేటప్పుడు కరెంటు తీసేయండి, ఇంజన్లు ఎత్తేయండి, మోటారు గుండా కూడా మీటర్ మోగొచ్చు. పాయింటు తిన్నగా ఉంటే ఫ్రాగ్–ఎరుపు మోగాలి, ఫ్రాగ్–నలుపు మోగకూడదు. బ్రాంచికి తిప్పితే దీనికి తారుమారు. రెండూ తప్పుగా వస్తే స్విచ్ చివరి తీగలు మార్చి అతకండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎర్ర బస్‌కు వరసలో 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు పెట్టండి, ఏ ఆటో స్పేర్స్ కొట్లోనైనా దొరుకుతుంది. షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, 1.75 ఆంపియర్లకు మించి పారదు, తీగలు కాలవు. పెట్టెలు ఒక్కొక్కటిగా రెండు దారుల్లోనూ తోయండి. ఏదైనా పెట్టెకు బల్బు మినుకుమంటే దాని చక్రాల మధ్య దూరం కొలవండి, లోపలి ముఖాల మధ్య 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి.

వచ్చే పాఠం అప్, డౌన్ లైన్ల మధ్య క్రాసోవర్. అక్కడ రెండు పాయింట్ల ఫ్రాగ్‌లు ఎదురెదురుగా వస్తాయి కనుక, రెండో పాయింటును అప్పటిదాకా బోర్డుకు అంటించకండి.