అరుదైన ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడం ఎలా?

మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు నేను బయట ఎక్కడా వినలేదు. స్కూల్లో వినలేదు, ఆఫీసులో వినలేదు, ఇంటికొచ్చిన ఏ శుభలేఖలోనూ కనపడలేదు. ఆవిడ అన్నదమ్ములిద్దరికీ ఆడపిల్లలే. వాళ్ళకు పెళ్ళిళ్ళయి, తలా ఒక ఇంటిపేరులోకి వెళ్ళిపోయారు. ఆవిడ చనిపోయిన ఏడాది ఆ పేరు ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, ఇది ఎక్కడిది, ఇంకా ఎవరికైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. తెలుగు ఇంటిపేరు ఏదైనా, ముఖ్యంగా కొద్దిమందికే ఉన్నదైతే, ఇలా వెతకవచ్చు.

ముందే రెండు హెచ్చరికలు. జనగణన లెక్కల్లో ఇంటిపేర్ల పట్టిక ఉంటుందేమోనని వెతక్కండి. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలు ఎవరికీ చూపించరు. అమెరికాలో 2010 జనగణన నుంచి వంద మందికి, ఆపైన ఉన్న ఇంటిపేర్లన్నీ లెక్కతో సహా ప్రచురించారు. మనకు అలాంటి జాబితా లేదు. రెండోది, "మీ ఇంటిపేరు ప్రపంచంలో ఇంతమందికి ఉంది" అని చెప్పే వెబ్‌సైట్ల సంగతి. అవి చాలావరకు పేరులో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. దాంతో రావు, కుమార్, ప్రసాద్ ఇంటిపేర్లుగా లెక్కలోకి ఎక్కుతాయి, అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఆ అంకె చూసి సంబరపడవద్దు, దిగులుపడవద్దు.

1. ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి

కాగితాలు రేపు కూడా ఉంటాయి, మనుషులు ఉండకపోవచ్చు. అందుకే ఇది మొదటి పని. "మన పూర్వీకులు ఎవరు?" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తురాదు. చిన్నచిన్న ప్రశ్నలు వేయండి. మన గోత్రం ఏమిటి? ఇలవేల్పు ఏ ఊళ్ళో ఉంది, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు? మైల పడితే ఏ ఊరివాళ్ళకు కబురు పెట్టేవారు? పాత పొలం ఎక్కడ ఉండేది? మన ఇంటిపేరే ఉన్నా మనవాళ్ళు కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మైల ప్రశ్న చాలా విలువైనది. ఎక్కడో దూరంలో ఉన్న దాయాదుల ఊరు దీంతోనే బయటపడుతుంది. ఇలవేల్పు ఉన్న ఊరు కూడా అంతే. మూడు తరాల కిందట పొలాలు అమ్ముకుని వచ్చేసినా, మొక్కు తీర్చుకోవడానికి మాత్రం అక్కడికే వెళ్తుంటారు.

దత్తత, ఇల్లరికం గురించి కూడా అడగండి, కాస్త మెల్లగా. దత్తు వెళ్ళిన పిల్లవాడికి ఇంటిపేరు మారిపోతుంది. ఇల్లరికం ఉన్న చోట పిల్లలకు తల్లి వైపు ఇంటిపేరు నిలిచిన ఇళ్ళూ ఉన్నాయి. ఇది తెలియకపోతే తర్వాత లెక్కంతా తప్పుతుంది.

2. పేరును విప్పండి

"ఇంటిపేరు" అన్న మాటలోనే కిటుకు ఉంది. ఇల్లు పక్కన పేరు చేరితే ఇల్లుపేరు కాలేదు, ఇంటిపేరు అయింది. ఊళ్ళ పేర్లకూ ఇదే జరుగుతుంది. గరికపాడు నుంచి వచ్చినవారు గరికపాటివారు, కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారు, నిడమర్రు నుంచి వచ్చినవారు నిడమర్తివారు, కొండవీడు నుంచి వచ్చినవారు కొండవీటివారు.

కాబట్టి మీ ఇంటిపేరును వెనక్కి తిప్పండి. చివర "పాటి" ఉంటే "పాడు" పెట్టి చూడండి. "నాటి" ఉంటే నాడు, "మర్తి" ఉంటే మర్రు, "ఊరి" ఉంటే ఊరు, "ఏటి" ఉంటే ఏరు. పల్లి, పూడి, కొండ, చర్ల, ప్రోలు లాంటివి మారవు, ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళవి కావు. "నేని" చివర ఉన్నవి చాలావరకు ఒక పూర్వీకుడి పేరుకు నాయని చేరి అరిగిన రూపాలు. రాయలసీమలో తాతగారి పేరుకు "గారి" చేర్చి ఇంటిపేరు అయినవి ఎన్నో. కరణం, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పట్వారి ఉద్యోగం నుంచి వచ్చినవి. చింత, అల్లం, గుర్రం, కత్తి, మీసాల లాంటివి చెట్టు, సరుకు, జంతువు, వస్తువు, మనిషి రూపం నుంచి వచ్చినవి. వీటి వెనక ఏం జరిగిందో ఇంట్లో ఒక కథ చెప్తారు. కథను రాసుకోండి, కానీ దాన్ని రుజువుగా వాడకండి.

మీది ఏ రకమో ఇక్కడే తేల్చుకోవాలి. తర్వాత మ్యాప్ చదివే తీరు దీన్నిబట్టి మారుతుంది.

ఇదే సమయంలో పేరుకున్న రూపాలన్నీ ఒక కాగితం మీద వేయండి. ల, ళ తేడా, ర, ఱ తేడా, మధ్యలో ఇకారం వచ్చినవి, రానివి. ఇంగ్లీషులో అయితే మరీ ఘోరం. "త"కు ఒకరు ఉత్త టీ రాస్తారు, ఒకరు పక్కన హెచ్ చేరుస్తారు. "వ"కు ఒకరు వీ, ఒకరు డబ్ల్యూ. ఒకే ఇంట్లో అన్నదమ్ముల సర్టిఫికెట్లలో రెండు స్పెల్లింగులు ఉండటం మామూలే. నాకు అమ్మమ్మ పుట్టింటి పేరుకు ఏడు రూపాలు తేలాయి.

3. ఆ పేరున్న ఊళ్ళన్నీ పట్టుకోండి

ఒక్క ఊరు దొరకగానే ఆగిపోవద్దు. నిడమర్రు అన్న ఊరు కొల్లేటి దగ్గర ఒకటి ఉంది, మంగళగిరి మండలంలో ఇంకొకటి ఉంది. కందుకూరు ఒకటి నెల్లూరు, ప్రకాశం సరిహద్దుల్లో ఉంటే, మరొకటి రంగారెడ్డి జిల్లాలో ఉంది. గరికపాడు అనగానే జగ్గయ్యపేట వైపువాళ్ళకు ఒక ఊరు గుర్తొస్తుంది, గుంటూరు వైపువాళ్ళకు వేరే ఊరు. అంటే ఒకే ఇంటిపేరు రెండు చోట్ల, ఏ సంబంధమూ లేకుండా పుట్టి ఉండవచ్చు. గోత్రం అడగమన్నది ఇందుకే. గోత్రం, ఇలవేల్పు రెండూ వేరైతే ఇంటిపేరు ఒకటైనా వంశం ఒకటి కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఊళ్ళ జాబితా కోసం జనగణన శాఖ వేసే జిల్లా హ్యాండ్‌బుక్కులు చూడండి. వాటిలో రెవెన్యూ గ్రామాలన్నీ ఉంటాయి, మనుషులు లేనివి కూడా. అలాంటి ఊళ్ళను రెవెన్యూవాళ్ళు బేచిరాక్ గ్రామాలు అంటారు, దీపం వెలగని ఊళ్ళు అని అర్థం. అరుదైన ఇంటిపేర్ల విషయంలో వీటిని వదలకండి. కరువుకో, వరదకో, జబ్బుకో ఊరు ఖాళీ అయి, వెళ్ళిపోయినవాళ్ళ ఇంటిపేరులో మాత్రం మిగిలి ఉండవచ్చు.

జిల్లా పేరును నమ్ముకోకండి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. మండలాలు 1985లో వచ్చాయి, అంతకు ముందు కాగితాలన్నీ తాలూకాల పేరు మీదే ఉంటాయి. ప్రతి ఊరి పక్కనా పాత తాలూకా పేరు రాసుకోండి.

4. గడపలు లెక్కపెట్టండి

ఇప్పుడు ఎంతమందికి ఉందన్న ప్రశ్న. సామాన్యుడి చేతికి అందే ఒకే ఒక పెద్ద వనరు ఓటర్ల జాబితా. రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో పోలింగ్ కేంద్రాలవారీగా పీడీఎఫ్‌లు దొరుకుతాయి. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. చాలా ఫైళ్ళు బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి సెర్చ్ పనిచేయదు. బొమ్మలోని తెలుగు అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వాడవచ్చు, కానీ అది అక్షరాలు తప్పు చదువుతుంది. నేను మాత్రం అనుమానం ఉన్న ఊళ్ళ వరకు కళ్ళతోనే చదివాను. రాష్ట్రమంతా చదవనక్కర్లేదు. మూడో మెట్టులో తేలిన ప్రతి ఊరూ, దాని చుట్టూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపు ఊళ్ళూ చాలు.

మనుషుల్ని కాకుండా గడపల్ని లెక్కపెట్టండి. కోడళ్ళు పెళ్ళితో ఈ ఇంటిపేరులోకి వచ్చినవాళ్ళు, కొందరు పుట్టింటి పేరుతోనే నమోదై ఉంటారు. మొదట్లో నేను ఇవన్నీ కలిపేసి లెక్క రెండింతలు చేసుకున్నాను, వారం పని మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఇంటి నంబరు, తండ్రి పేరు పక్కపక్కన పెట్టుకుంటే ఎన్ని గడపలో, ఎన్ని అన్నదమ్ముల కుటుంబాలో తేలుతుంది.

ఊళ్ళ మధ్య పోలికకు మాత్రం ఓటర్లను తీసుకుని, వెయ్యికి ఎంతమంది అని చూడాలి. ఒక ఊళ్ళో 3,000 మంది ఓటర్లలో 12 మందికి మీ ఇంటిపేరు ఉందనుకోండి, వెయ్యికి నలుగురు. ఇంకో చిన్న ఊళ్ళో 600 మందిలో 9 మందికే ఉంది, కానీ అది వెయ్యికి పదిహేను. మీరు ముందు వెళ్ళాల్సింది రెండో ఊరికి.

ఈ జాబితాలోని పేర్లు, ఇంటి నంబర్లు ఎక్కడా పోస్ట్ చేయకండి. మీకు కావలసింది ఊరు, గడపల సంఖ్య, అంతే.

5. మ్యాప్‌లో మధ్య ఖాళీ కోసం చూడండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది.

ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆ ఊరికి వెళ్తారు, అక్కడ తమ ఇంటిపేరు ఒక్కరికీ లేకపోయేసరికి "ఇది కాదేమో" అనుకుని తిరిగొస్తారు. నిజానికి లేకపోవడమే సహజం. గరికపాడులో ఉన్నవాళ్ళందరూ గరికపాడువాళ్ళే, అక్కడ ఒకర్ని ప్రత్యేకంగా గరికపాటివాడు అని పిలవాల్సిన అవసరం ఎవరికి? ఊరు వదిలి, పక్క ఊళ్ళో నాలుగెకరాలు సంపాదించుకుని ఇల్లు వేసుకున్న రోజున, అక్కడివాళ్ళు "ఆ గరికపాటివాళ్ళ ఇల్లు" అంటారు. ఇంటిపేరు పెట్టింది మనం వదిలొచ్చిన ఊరు కాదు, చేరిన ఊరు.

అందుకే గడపల్ని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టినప్పుడు, ఆ పేరున్న ఊరి చుట్టూ వలయంలా చుక్కలు పడి, మధ్యలో ఖాళీగా ఉంటే మీరు సరైన ఊరినే పట్టుకున్నారని బలమైన సూచన. అదే "నేని", "గారి" రకం ఇంటిపేర్లయితే దీనికి తిరగబడుతుంది. అవి ఒక మనిషి పేరు నుంచి, అతను బతికిన ఊళ్ళోనే పుడతాయి కాబట్టి మధ్యలోనే చుక్కలు దట్టంగా ఉంటాయి, దూరం వెళ్ళేకొద్దీ పలచబడతాయి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుక్కలకు వేరే రంగు పెట్టండి. అవి ఉద్యోగాల కథ చెప్తాయి, పుట్టుక కథ కాదు. కాలవల వెంట పడిన చుక్కల్ని మాత్రం శ్రద్ధగా చూడండి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. నిజాంసాగర్ 1931కి పూర్తయింది, తుంగభద్ర డ్యాం 1953లో. నీళ్ళు వచ్చిన ప్రతిచోటికీ రైతు కుటుంబాలు కదిలాయి. నిజామాబాద్ వైపు, కర్ణాటకలో సింధనూరు, గంగావతి చుట్టుపక్కల "క్యాంపు" అని పేరున్న ఊళ్ళలో కోస్తా ఇంటిపేర్లు కనపడటానికి కారణం అదే.

6. పాత కాగితాల్లో తేదీ వెతకండి

మ్యాప్ చోటు చెప్తుంది, కాలం చెప్పదు. కాలం కోసం భూమి రికార్డులు చూడాలి. ఆంధ్ర వైపు పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు (భూమి శిస్తు లెక్కల పుస్తకాలు), ఇనాం భూములుంటే (గుడికో, సేవకో దానంగా ఇచ్చినవి) ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి. ఇనాం ఎవరు, ఎవరికి ఇచ్చారో, అప్పటికి ఎవరి అనుభవంలో ఉందో 1860ల ప్రాంతంలో రాసిన వివరాలు అందులో ఉంటాయి. తెలంగాణలో అయితే సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు) అడగండి. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఊరు, సర్వే నంబరు చేతిలో ఉండాలి. ఉత్త ఇంటిపేరు చెప్తే ఎవరూ వెతికిపెట్టలేరు.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే కైఫియత్తులు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా సేకరించిన చరిత్రలు ఇవి. ఫలానా ఊరి కరణికం ఫలానా ఇంటిపేరు వారికి ఎలా వచ్చిందో వీటిలో తరచుగా కనపడుతుంది. శాసనాలు కావాలంటే ఆర్కియలాజికల్ సర్వే ప్రచురించిన దక్షిణ భారత శాసనాల్లో పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. అయితే శాసనంలో ఉన్న పేరుకూ మీకూ మధ్య ఐదు వందల ఏళ్ళ ఖాళీ ఉంటే, దాన్ని ఊహతో పూడ్చకండి.

కాశీ, గయ, ప్రయాగల్లో తీర్థపురోహితుల దగ్గర యాత్రికుల చిట్టాలు ఉంటాయి. మీ ఊరివాళ్ళకు పురోహితులెవరో కనుక్కుని వెళ్తే, ముత్తాత చేతిరాత కంటపడే అదృష్టం కొందరికి దక్కింది.

సముద్రం దాటిన శాఖలది వేరే సంగతి. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. ఇంటిపేరు కోసం ఒక గడే లేదు. అందుకే అక్కడ వెతకాల్సింది ఊరి పేరుతో. తమిళనాడు తెలుగు కుటుంబాల్లోనూ కాగితం మీద తండ్రి పేరు పొడి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడే బయటికొస్తుంది. అక్కడ జాబితాలతో పని జరగదు, మనుషుల్నే అడగాలి.

7. చివరికి, ఊరికి వెళ్ళండి

అమ్మమ్మ పుట్టింటి పేరు నాకు మొత్తం పదకొండు గడపల్లో దొరికింది. అన్నీ రెండు మండలాల్లోనే, మధ్యలో ఒక బేచిరాక్ గ్రామం. అందులో ఎక్కువ గడపలున్న ఊరికి వెళ్ళాను.

ఊళ్ళో ముందు రామాలయానికో, గ్రామదేవత గుడికో వెళ్ళండి. దాతల పేర్లు చెక్కిన రాయి ఫొటో తీసుకోండి. పేర్ల వరుస చూడండి. మనవడికి తాత పేరు పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు ఒక తరం విడిచి ఒక తరం తిరిగి వస్తుంటుంది, దాయాదుల్ని పట్టించడానికి ఇది మంచి గుర్తు. నాకు ఆ రాతి మీద మూడో వరుసలో అమ్మమ్మ తండ్రి పేరు, అదే ఇంటిపేరుతో కనపడింది. ఆయన కాదు, వేరే మనిషి. గుడి ఎదురింటి పెద్దాయన్ని గోత్రం అడిగాను. అమ్మమ్మ చెప్పిన గోత్రమే చెప్పి, "ఏ ఊరమ్మా మీది?" అని అరుగు మీద చాప వేశారు.