పాత జీపు సైలెన్సర్: ఏ మోతకు ఏ మందు

మా ఇంట్లో ఉన్నది పాత మహీంద్రా జీపు. ప్యూజో డీజిల్ ఇంజన్, ఫోర్ వీల్ గేరు. టర్బో లేదు, సెన్సర్ల గొడవ లేదు. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దారిలో మా చేనికి పోవాలన్నా, ఎప్పుడన్నా పెనుకొండ కొండెక్కాలన్నా అదే దిక్కు. రెండేళ్ల కిందట దాని సైలెన్సర్ పైపు ఒకే చోట మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ అతుకేయించాను. నాలుగోసారి పోతే వెల్డింగ్ షాపు భాయ్ రాడ్డు ముట్టుకోలేదు. బానెట్ ఎత్తి, ఇంజన్ను చేత్తో ఊపి చూసి, "పైపు దానంతటది పగల్దు అన్నా. దాన్ని ఏదో గుంజుతాంటాది. అది చూసుకో ముందు" అన్నాడు.

అప్పటినుంచి బండి కిందకు దూరినప్పుడల్లా పగులు కంటే ముందు, గుంజేది ఏదో వెతుకుతున్నాను.

మన దగ్గర సైలెన్సర్ అంటే మొత్తం లైనంతా. పనిలో దిగాక మాత్రం విడివిడిగా చూడాలి: ఇంజన్ పైభాగం, అంటే హెడ్డుకు బిగించి, పొగను ఒకచోట కూడగట్టే పోత ఇనుము మానిఫోల్డ్, దాని నుంచి కిందికి దిగే ఫ్రంట్ పైపు, నడుమ సైలెన్సర్ డబ్బా, వెనక టెయిల్ పైపు. వీటిని ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి వేలాడదీసే రబ్బర్లు, కలిపి పట్టే క్లాంపులు. కింద రాసిందంతా ఇలాంటి పాత బండ్లకే. కొత్త బండ్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, సెన్సర్లు ఉంటాయి. వాటిని కోయడం, అతకడం ఇంట్లో చేసే పని కాదు.

కిందకు దూరేముందు ఒక్క మాట. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక స్టాండ్లు పెట్టండి. మన ఊళ్లలో చేతికందిన ఇటుకలో, తాడిపత్రి బండ ముక్కలో పేర్చి దూరిపోతారు. బండ పరుపుగా నేల మీద ఆనుకుని ఉన్నంత సేపే గట్టిది. ఒక అంచున బరువు పడితే చెప్పకుండా రెండుగా చీలుతుంది. ఎర్ర నేల మీదైతే స్టాండు కింద మందపాటి చెక్క వేయండి. బండి పూర్తిగా చల్లారనివ్వండి, లోడులో నడిచి వచ్చిన ఇంజన్ మానిఫోల్డ్ దగ్గర వేడి 500 డిగ్రీలు దాటుతుంది.

పొద్దున్నే టక్ టక్, వేడెక్కాక మాయం

చాలామంది దీన్ని ట్యాపెట్ (వాల్వులను కదిలించే భాగం) మోత అనుకుని వాల్వులు సెట్ చేయిస్తారు. ట్యాపెట్ మోత ఇంజన్ వేడెక్కినా పోదు. ఇది పోతుంది, ఎందుకంటే ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ మొదలవుతుంది. అలా అయితే మానిఫోల్డ్‌కూ హెడ్డుకూ నడుమ సందు మూసే ప్యాకింగ్ పోయిందనో, మానిఫోల్డ్‌ను పట్టి ఉంచే స్టడ్డు (తల లేని బోల్టు) విరిగిందనో అనుకోవచ్చు.

డీజిల్ బండి అయితే గుర్తు పట్టడం సులువు. గ్యాస్ కారే చోట కాటుక పూసినట్టు నల్లటి చార ఉంటుంది. అది కనపడకపోతే రెండడుగుల రబ్బరు ట్యూబు తీసుకుని ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన మానిఫోల్డ్ అంచు వెంబడి పెట్టుకుంటూ పోండి. కారే చోట శబ్దం సూటిగా చెవిలో కొడుతుంది. ఫ్యాను, బెల్టు దగ్గరకు ట్యూబు పోనివ్వొద్దు. లైను వెనక భాగానికైతే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఒకరు తడి గుడ్డతో టెయిల్ పైపు మూతిని నాలుగైదు సెకన్లు నొక్కి పట్టాలి, ఇంకొకరు జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లాలి. బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడే.

అసలు పరీక్ష మానిఫోల్డ్ విప్పడం దగ్గరే. ఇరవై, ముప్పై ఏళ్లు కాలీ చల్లారీ ఉన్న స్టడ్డు అది. తుప్పు వదిలించే స్ప్రే రెండు సాయంత్రాలు వరసగా కొట్టి వదిలేయండి. మూడో రోజు నట్టును ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి కదిలించండి, తర్వాత విప్పే వైపు. కీచుమని శబ్దం వస్తే మంచిదే, నట్టు కదులుతోంది. శబ్దం లేకుండా స్పానర్ మెత్తగా సాగినట్టు అనిపిస్తే అక్కడే ఆగండి. నట్టు తిరగడం లేదు, స్టడ్డు మెలి పడుతోంది. ఇంకో పావు చుట్టు తిప్పితే విరుగుతుంది. ఆ మెత్తదనం చేతికి ఒకసారి తెలిస్తే మరిచిపోలేం. నేను మొదటి స్టడ్డు విరిచిన రోజు దాన్ని "వస్తోంది, వస్తోంది" అనుకుని సంబరపడ్డాను.

అలా మెత్తబడితే నట్టును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, కొంచెం చల్లారాక ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి. మొదట కొట్టిన స్ప్రే అంటుకుంటుంది కాబట్టి శుభ్రంగా తుడవండి, డీజిల్ పైపులను దూరంగా తప్పించండి. విరిగినా ముక్క కొంచెం బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేయిస్తే, ఆ వేడికే పట్టు వదిలి తిరుగుతుంది. లోపలికి విరిగితే నా సలహా లేత్ షాపే. హెడ్డు అల్యూమినియం అయితే డ్రిల్లు మెత్తటి వైపుకు జారుతుంది, రంధ్రం పక్కకు పోతే హెడ్డుకే ఎసరు.

పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి, బ్లేడుతో తీసి, తడి గుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేయండి. మానిఫోల్డ్ మొహం మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరుతుందేమో చూడండి. వంగి ఉంటే లేత్ షాపులో మొహం చదును కొట్టించాలి, లేదంటే కొత్త ప్యాకింగ్ కూడా నెలకే కాలిపోతుంది. బిగింపు నడుమ నుంచి మొదలుపెట్టి రెండు కొసలకు పోవాలి, రెండు మూడు విడతల్లో. 8 ఎంఎం స్టడ్డుకు మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు, మీ ఇంజన్ మాన్యువల్ వేరే చెబితే దాన్నే పట్టుకోండి. నట్లు ఇత్తడివో, రాగి పూత వేసినవో వేస్తే ఈసారి విప్పేవాడికి ఏడుపు ఉండదు. ఆ విప్పేవాడు మీరే కావచ్చు.

అతుకేసిన చోటే మళ్ళీ పగులు

మా బండి జబ్బు ఇదే. ఫ్రంట్ పైపు ఇంజన్‌తో కదులుతుంది, వెనక డబ్బా ఛాసిస్‌తో కదులుతుంది. ఇంజన్ కింద మౌంటింగ్ రబ్బర్లు చితికితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు మొత్తాన్ని పైపే మోయాలి. పరీక్షించడానికి బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు గుంజి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, లోపల ఒకరిని కూర్చోబెట్టి రేజ్ చేయించండి. ఇంజన్ కొంచెం వణికితే సరే. పొట్టేలు ఢీకి లేచినట్టు ఎగిరి పడితే మౌంటింగులు పోయినట్టే.

మౌంటింగులు మార్చాక కూడా నాకు అనుమానం తీరలేదు. వెనక్కి వెళ్లి చూస్తే రెండో నేరస్తుడు దొరికాడు, అది నేనే. డబ్బాను వేలాడదీసే రబ్బరు తెగిపోతే ఒక రోజు చేనులో కట్టుకమ్మితో బిగించి కట్టాను. నాలుగు పేటలు వేసి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి, భలే గట్టిగా కట్టానని మురిసిపోయాను కూడా. ఆ గట్టిదనమే పైపును చంపింది. రెండు మీటర్ల ఇనుప పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు పొడుగు పెరుగుతుంది. రబ్బరు ఉంటే వెనక్కి జరిగి చోటిస్తుంది. కమ్మి జరగనివ్వదు, ఆ 7 మిల్లీమీటర్లు వచ్చి అన్నిటికంటే బలహీనంగా ఉన్న అతుకు మీద పడతాయి.

కాబట్టి వరస ఇది: మౌంటింగులు, తర్వాత హ్యాంగర్ రబ్బర్లు, ఆఖరున వెల్డింగ్. వెల్డింగుకు ముందు స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడుగునా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. కుళ్లిన ముక్కను మంచి ఇనుము వచ్చేదాకా కోసేసి, 16 గేజ్ పైపు ముక్క తొడిగి అతికించాలి. తుప్పు రేకు మీద రాడ్డు పెడితే చిల్లు పెద్దదవుతుందే తప్ప పూడదు. ఎం-సీల్ లాంటి ముద్దలు సింటెక్స్ ట్యాంకుకు పనికొస్తాయి గానీ ఈ వేడికి నిలవవు.

బండి మీదే వెల్డింగ్ చేయిస్తుంటే బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఆల్టర్నేటర్ వైర్లు కూడా. ఎర్త్ క్లాంపు అతికే చోటికి దగ్గర్లోనే పట్టించండి. ఇంకో సంగతి, ఇంట్లో బోరు పని చేయగా మిగిలిన జీఐ పైపు ఉంది కదా అని దాన్ని తేకండి. దాని మీద ఉండే జింకు పూత వెల్డింగ్ వేడికి తెల్లటి పొగవుతుంది. అది పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. పాపం భాయ్ అడగడు, మనమే తేకూడదు.

రోడ్డు మీద బాగుంది, గుంతలో పడితే ధన్

కొత్త టెయిల్ పైపు ఇంట్లోనే బిగించి, పెనుకొండ కొండ దారిలో దిగుతుంటే ప్రతి గుంతకూ ధన్‌మని దెబ్బ. కింద చూస్తే పైపు చక్కగానే ఉంది, వెనక యాక్సిల్‌కు (ఇరుసుకు) పైన నాలుగు వేళ్లు పట్టేంత సందు. చాలాసేపటికి వెలిగింది. నేను ఛాసిస్‌ను ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా కొలత తీసుకున్నాను. అప్పుడు యాక్సిల్ కిందికి జారి ఉంటుంది, సందు ఎక్కువ కనిపిస్తుంది. చక్రాలు నేలకు ఆని, మూటలు ఎక్కి, గుంతలో స్ప్రింగు పట్టీలు వంగితే యాక్సిల్ పైకొచ్చి పైపును కొడుతుంది. ఫోర్ వీల్ బండికి ముందు చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఇలాగే లేస్తుంది. అందుకే క్లాంపుల ఆఖరి బిగింపు చక్రాల మీద బండి బరువు ఉన్నప్పుడే చేయాలి. బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్లకు కనీసం అంగుళం దూరం ఉండాలి.

డబ్బాలో గలగల

చేత్తో తడితే లోపల గులకరాళ్లు పోసినట్టు మోగుతుందా? లోపలి అడ్డురేకులు తుప్పుపట్టి ఊడాయి. మన జిల్లాలో వానే తక్కువ, తుప్పు ఎక్కడిదని అడుగుతారు. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. దూరం పోతే ఆవిరి వెనక నుంచి వెళ్లిపోతుంది. టీ అంగడి దాకా పోయి వచ్చే బండికి డబ్బా వేడెక్కే లోపే ఇంజన్ ఆగుతుంది, నీళ్లు అక్కడే నిలుస్తాయి. వారానికి ఒక్కసారన్నా అరగంట నడపడం దీనికి మందు.

ఊడిన డబ్బాకు మరమ్మతు లేదు, మార్చడమే. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. లోపలికీ బయటికీ పోయే పైపుల వ్యాసం, డబ్బా పొడుగు మూడూ సరిపోవాలి. వ్యాసం తగ్గితే ఇంజన్‌కు ఊపిరాడదు. డబ్బా తీసేసి ఉత్త పైపు పెట్టేవాళ్లూ ఉన్నారు, బండి పులిలా గర్జిస్తుందట. మోటారు వాహనాల చట్టం 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా పోతుందని ఆ పులికి చెప్పండి.

బండి గుంజడం లేదు

ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, మన దుమ్ముకు సగం కేసులు అక్కడే తేలతాయి. నల్ల పొగ కూడా ఉంటే ఫిల్టరన్నా, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నా కారణం. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఈ రెంటికీ సైలెన్సర్‌ను తిట్టి లాభం లేదు.

ఫిల్టర్ బాగుండి, టెయిల్ పైపు దగ్గర గాలి నీరసంగా తగిలితే లైను ఎక్కడో మూసుకుంది. నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండి అయితే పైపు మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండొచ్చు, కమ్మితో పొడిచి తీయండి. రాయి తగిలి పైపు నొక్కుకుపోయి ఉండొచ్చు. ఏమీ కనపడకపోతే ఫ్రంట్ పైపు, డబ్బా కలిసే జాయింటును కొంచెం వదులు చేసి, అద్దాలన్నీ దించి, కొద్ది దూరం నడపండి. మోత భరించలేం గానీ, బండి గుంజితే అడ్డం డబ్బాలోనో, దాని వెనకో ఉన్నట్టు.

లోపల పొగ వాసన, కాలిన వాసన

టార్పాలిన్ వెనక భాగం చుట్టి నడిపితే బండి వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది. టెయిల్ పైపు మూతి బాడీ అంచు దాటి బయటికి రావాలి. పొట్టిగా ఉంటే ముక్క అతికించండి. ఫ్లోరు రంధ్రాలకు ఉండే రబ్బరు గ్రోమెట్లు (బిరడాలు) ఊడి ఉంటే వేయండి. వాసన వస్తుండగా అద్దాలు మూసి నడపొద్దు, మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో వదలొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, తలనొప్పి, మగత వచ్చాకే తెలుస్తుంది. డీజిల్ కంటే పాత పెట్రోల్ జీపుల్లో ఇది మరీ ఎక్కువ.

కాలిన వాసన వేరే. కోతలప్పుడు చేలో తిరిగితే ఎండిన శెనక్కట్టె (వేరుశెనగ తీగ) పైపు చుట్టూ చుట్టుకుంటుంది. వాసన తగలగానే కట్టె పరిచిన చోట ఆపకండి, ఖాళీ నేల మీదికి తెచ్చి ఆపి, కింద చూసి కర్రతో లాగేయండి. వేడి మానిఫోల్డ్ మీద నీళ్లు కొడితే పోత ఇనుము పగులుతుంది.

మళ్ళీ బిగించేటప్పుడు

ఇంజన్ నుంచి వెనక్కి ఒక్కో ముక్క వదులుగా తొడుగుతూ రండి. హ్యాంగర్లు తగిలించి, చక్రాలు నేలకు దించి, సందులన్నీ చూసుకున్నాక ముందు నుంచి వెనక్కి బిగించండి. ఒక జాయింటు రావట్లేదని క్లాంపుతో గుంజి కలిపితే రేపటి పగులుకు ఇవాళే విత్తనం వేసినట్టు. ఆ ముక్కను తీసి, ఎంత తేడా ఉందో సుద్దతో గీసి, వంపు సరిచేయించుకు రండి.

స్టార్ట్ చేసి పావుగంట వదిలేయండి. కొత్త డబ్బా పెయింటు, నూనె కాలి కొంచెం పొగ వస్తుంది, టెన్షన్ పడొద్దు. వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగాక, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మానిఫోల్డ్ నట్లు, క్లాంపులు ఇంకోసారి స్పానర్ పెట్టి చూడండి. మా బండికి ఆ పొద్దున రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.