ఉద్యోగం మానేసి చదివేవారి దినచర్య – 4వ పాఠం: మధ్యాహ్నం రెండు దాటాక

మూడో పాఠం చివర ఒక పని ఇచ్చాను. వారం పాటు జేబులో రోజుకో చిన్న కాగితం పెట్టుకుని, పుస్తకం తెరిచిన టైం, మూసిన టైం రాసుకోమన్నాను. ఎంత చదివారో రాయనక్కర్లేదు. కూర్చున్న టైం, లేచిన టైం, అంతే. ఆ ఏడు కాగితాలూ ఇప్పుడు ముందు పెట్టుకోండి. ఈ పాఠం వాటితోనే మొదలవుతుంది.

గ్రూప్స్‌కు, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలకు, చదివేవాళ్ళ కాగితాలు చాలా చూశాను. ఎక్కువమందివి ఒకేలా ఉంటాయి. పొద్దున ఆరున్నర నుంచి పదకొండున్నర దాకా నిండుగా ఉంటుంది. సాయంత్రం ఏడు తర్వాత మళ్ళీ కొంత. భోజనానికీ చీకటి పడటానికీ మధ్య ఏమీ ఉండదు. కొందరి కాగితంలో ఆ చోట రెండింటికి కూర్చుని ఐదున్నరకు లేచినట్టు ఒకే ఒక్క వరస ఉంటుంది. చూడటానికి బాగుంటుంది. ఆ మూడున్నర గంటల్లో ఏం చదివావని అడిగితే మాత్రం ముఖం వాడిపోతుంది.

నేను ప్రైవేటు ఉద్యోగం వదిలి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకున్న మొదటి నెలల్లో నా మధ్యాహ్నాలూ అలాగే పోయాయి. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దునే వెళ్ళి సీటు పట్టుకునేవాణ్ణి. మూడు గంటలకు తల ఎత్తి చూస్తే, పొద్దున అంత పట్టుదలగా కూర్చున్నవాళ్ళే బల్లల మీద తలవాల్చి కనిపించేవారు. ఫ్యాన్ గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతుండేవి. నాకు అప్పుడు అనిపించింది ఒకటే: నేను సోమరిని, నాకు ఇది రాసిపెట్టి లేదు. ఆ ఆలోచన తప్పని తెలియడానికి ఏడాది పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఈ పాఠానికి ఒక వారం పూర్తిగా కేటాయించాను.

ముందు నష్టం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. మధ్యాహ్నం మూడు గంటలు పోవడం చిన్న నష్టం. అసలు నష్టం రాత్రి జరుగుతుంది. పోయిన గంటలు తలుచుకుని టెన్షన్ పడి, వాటిని రాబట్టుకోవాలని ఒంటిగంట దాకా కూర్చుంటాం. మర్నాడు ఎనిమిదింటికి లేస్తాం. దాంతో రోజులో బాగా చదువు సాగే పొద్దుటిపూట చెయ్యి జారిపోతుంది. పొద్దున పోయింది కాబట్టి మధ్యాహ్నం మనసు పెట్టబుద్ధి కాదు. ఇలా మూడు రోజులు గడిస్తే నాలుగో రోజు పుస్తకం తెరవాలంటేనే భయం వేస్తుంది. దాన్ని మనం ‘మోటివేషన్ పోయింది’ అంటాం, ఫోన్ తీసి ఎవరో ఆవేశంగా మాట్లాడే వీడియో పెట్టుకుంటాం. వీడియో తప్పని నేననను. కానీ పోయింది నిద్ర, దానికి వీడియో ఏం చేస్తుంది?

ఉద్యోగం చేసేటప్పుడు ఈ మధ్యాహ్నం బాధ మనకు ఎందుకు తెలియలేదు? ఆఫీసులో మూడింటికి ఎవరో వచ్చి ఏదో అడుగుతారు. ఫోన్ మోగుతుంది. పక్క సీటు ఆయన చాయ్‌కి పిలుస్తాడు. మన మెదడు మందగించినా పక్కవాళ్ళ పనులు మనల్ని లాక్కుపోతాయి. ఇప్పుడు మనల్ని లాగేవాళ్ళు లేరు. బడిలోలాగా గంట కొట్టేవాళ్ళూ లేరు. ఫుల్ టైం చదువులో అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదేనని నా నమ్మకం. సిలబస్ దీని తర్వాతే.

ఇక మగత సంగతి. అన్నం ఎక్కువ తినడం వల్లే నిద్ర వస్తుందని అందరూ అంటారు. అందులో కొంత నిజం ఉంది. మెస్‌లో రెండోసారి అన్నం పెట్టించుకున్న రోజూ, పెట్టించుకోని రోజూ ఒకేలా ఉండవు. కానీ భోజనం చేయకపోయినా మధ్యాహ్నం పూట చురుకుదనం కొంత తగ్గుతుంది. మన ఒంట్లో ఉండే గడియారం నడిచే తీరే అంత. కాబట్టి తిండి మానేసి దీన్ని గెలవలేరు. అలా చేస్తే సాయంత్రం ఆకలికి బజ్జీల బండి దగ్గర తేలతారు.

1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన తోటి పరిశోధకులు బెర్లిన్‌లోని ఒక సంగీత విద్యాలయంలో వయొలిన్ నేర్చుకునేవారి దినచర్యలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. అందరిలోకీ మెరుగైనవాళ్ళు ఒంటరిగా చేసే సాధన రోజుకు సగటున మూడున్నర గంటలు. పదహారు గంటలు కాదు. అదీ ఒకే బిగిన కాకుండా మధ్యలో విరామాలతో, ఎక్కువగా పొద్దుటి పూట. మధ్యాహ్నం కాసేపు కునుకు తీయడం కూడా వాళ్ళలోనే ఎక్కువ. ‘రోజుకు పద్నాలుగు గంటలు చదివా’ అనే మాట మన గదుల్లో గొప్పగా చెలామణి అవుతుంది కాబట్టి ఇది చెబుతున్నాను. వయొలిన్ సాధన వేరు, ఆరు పేపర్ల సిలబస్ వేరు. మనకు గంటలు ఇంకా ఎక్కువే కావాలి. అయినా, మనసు పూర్తిగా పెట్టి చేసే పనికి రోజులో ఒక హద్దు ఉందని ఒప్పుకుంటేనే మిగతా గంటల్లో ఏం పెట్టాలో ఆలోచించగలం.

నా సలహా ఇది. మధ్యాహ్నాన్ని పొద్దుటిలాగా వాడకండి. పొద్దున కొత్త పాఠం చదవండి, అర్థం కానిది అర్థం చేసుకోండి. మధ్యాహ్నం కొత్తది ముట్టుకోవద్దు. అప్పుడు చేతికి పని చెప్పండి.

భోజనం ఒంటిగంటకు ముగించండి. పది నిమిషాలు నడవండి, గది చుట్టూ అయినా సరే. ఒంటిగంటన్నరకు ఇరవై నిమిషాల అలారం పెట్టుకుని పడుకోండి. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని ఉండండి. అలారం మోగగానే లేచి ముఖం కడుక్కోండి. ఇరవై నిమిషాలని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేస్తాం, ఇంకో అరగంట తల బరువుగా ఉంటుంది. గదిలో మంచం ఎక్కితే ఇరవై నిమిషాలు రెండు గంటలవుతుందని భయముంటే లైబ్రరీ కుర్చీలోనే తల వాల్చండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రెండు గంటలకు బల్ల మీద పుస్తకాలన్నీ మూసేయండి. ఒక తెల్లకాగితం, ఒక పెన్ను మాత్రమే ఉండాలి. పొద్దున చదివినది చూడకుండా రాయండి. ఉదాహరణకు పొద్దున తెలంగాణ ఉద్యమ చరిత్ర చదివారనుకుందాం. కాగితం మీద 1956 పెద్దమనుషుల ఒప్పందం అని రాస్తారు. తర్వాత 1969 ఉద్యమం. 1972 ముల్కీ నిబంధనల తీర్పు. 1973 ఆరు సూత్రాల పథకం. అక్కడి నుంచి నేరుగా 1985 జీవో 610కి దూకేస్తారు. ఏదో పోయిందని మీకే తెలుస్తుంది. బుర్ర గోక్కుంటారు. అప్పుడు కూడా పుస్తకం తెరవకండి, రెండు నిమిషాలు వెతకండి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు అప్పుడు గుర్తుకు రావచ్చు. జీవో రావడానికి ముందున్న జైభారత్ రెడ్డి కమిటీ గుర్తు రాకపోవచ్చు. గుర్తు రానిచోట ఖాళీ గీత గీసి ముందుకు వెళ్ళండి. అంతా రాశాక పుస్తకం తెరిచి, ఖాళీలను వేరే రంగు పెన్నుతో నింపండి.

ఈ పని చేస్తూ నిద్రపోవడం కష్టం. ప్రయత్నించి చూడండి. చదువుతూ నిద్రపోవచ్చు, వింటూ నిద్రపోవచ్చు, కానీ గుర్తు తెచ్చుకుని రాసేటప్పుడు మెదడు మేలుకునే ఉండాలి.

దీనికి ఇంకో లాభం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొన్ని వ్యాసాలు ఇచ్చారు. కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ఆ ఐదు నిమిషాల ఫలితాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనల్ని మోసం చేసేది అదే. నోట్స్ నాలుగోసారి తిరగేస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, హాయిగా ఉంటుంది. తెల్లకాగితం ముందు కూర్చుంటే ఏమీ రానట్టు ఉంటుంది, ఏడుపొస్తుంది. ఆ ఏడుపొచ్చే పనినే చేయమంటున్నాను.

మూడున్నర దాకా ఇది చాలు. చాయ్ తాగి రండి. చాయ్ దగ్గర నోటిఫికేషన్ కబుర్లు మొదలైతే గ్లాసు ఖాళీ కాగానే వచ్చేయండి. నాలుగు నుంచి ఐదు దాకా టైం పెట్టుకుని బిట్లు చేయండి, లేదా మెయిన్స్ (వ్యాసరూపంలో రాసే రెండో దశ పరీక్ష) ప్రశ్న ఒకటి పూర్తిగా రాయండి.

2024లో తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ అక్టోబర్ 21 నుంచి 27 వరకు జరిగాయి. అర్హత కోసం పెట్టే ఇంగ్లిష్‌తో కలిపి రోజుకో పేపర్. టైం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. మనం ఏ గంటల్ని నిద్రకు వదిలేస్తున్నామో, సరిగ్గా ఆ గంటల్లోనే మూడు గంటలు ఆపకుండా చేయి ఆడించాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి రెండింటికి పడుకునే అలవాటున్న ఒళ్ళు ఆ ఏడు రోజులు ఒక్కసారిగా మారుతుందా? రేపు టైం మారవచ్చు, పరీక్ష పొద్దునే పెట్టవచ్చు. అయినా మధ్యాహ్నం రాసే అలవాటు ఎక్కడికీ పోదు.

ఐదు గంటలకు ఆపేయండి. ఇది చాలామంది వినరు. పొద్దుటి నుంచి ఎలా గడిచినా సరే, ఐదింటికి ఆనాటి కాగితానికి తేదీ వేసి ఫైల్‌లో పెట్టి, ఏడింటి వరకు పుస్తకం తీయొద్దు. బట్టలు ఉతుక్కోండి, ఇందిరా పార్కు దాకా నడిచి రండి, ఇంటికి ఫోన్ చేయండి. పని ముగిసే టైం తెలియని మనిషికి పని మొదలుపెట్టాలంటే దిగులుగా ఉంటుంది. పొలం పనికి వెళ్ళేవాళ్ళు పొద్దు గుంకగానే ఇంటికి వస్తారు, మిగిలింది రేపు చూసుకుందామంటారు. మనం మాత్రం ఇరవై నాలుగు గంటలూ ‘చదువుతూనే ఉండాలి’ అనే బరువు మోస్తూ, అందులో సగం గంటలు ఏమీ చదవకుండా గడుపుతాం.

ఆ ఫైల్‌ను పెద్దగా పట్టించుకోకపోవచ్చు మీరు. నేను మాత్రం ఉత్సాహమంతా దాన్నుంచే వస్తుందంటాను. ఎందుకో చెబుతాను. మనలో చాలామంది ఉత్సాహాన్ని పరీక్ష తేదీకి కట్టేస్తారు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. తొలి దశ వడపోత పరీక్ష అయిన ప్రిలిమ్స్ ఆ అక్టోబర్‌లో జరిగాయి. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయ్యాయి. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు వాటినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్ళీ ప్రిలిమ్స్. ఒకే పరీక్షకు ఇరవై నెలల్లో మూడుసార్లు ప్రిలిమ్స్! తేదీని నమ్ముకుని ఊపిరి బిగబట్టి చదివిన పిల్లలు రెండో రద్దు తర్వాత గదులు ఖాళీ చేసి ఊళ్ళకు వెళ్ళిపోవడం చూశాను. వాళ్ళలో తెలివైనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

నిలబడ్డవాళ్ళలో నాకు తెలిసిన ఒకమ్మాయి గురించి చెబుతాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ‘పరీక్ష ఎప్పుడే?’ అని అడిగితే, ‘తెలియదమ్మా, ఇవాళ మాత్రం కాకతీయులు అయిపోయారు’ అనేది. తేదీ మన చేతిలో లేదు. ఇవాళ రాసిన కాగితం మన చేతిలో ఉంది. నెల తిరిగేసరికి ఫైల్‌లో పాతిక కాగితాలు చేరతాయి. వేరే రంగు సిరా మొదట్లో పేజీ నిండా ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది. ఆ తగ్గడం కళ్ళారా చూసినవాళ్ళకు వీడియోలు అక్కర్లేదు.

తప్పిన రోజు గురించి ఒక్క మాట. తప్పుతుంది. జ్వరం వస్తుంది, చెల్లెలి పెళ్ళిచూపులుంటాయి, ఊరికే మనసు బాగుండదు. అప్పుడు ‘సోమవారం నుంచి మొదలుపెడతా’, ‘పండగ వెళ్ళాక చూద్దాం’ అనుకోవద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిలో కొత్త అలవాట్లు ఎలా స్థిరపడతాయో గమనించింది. సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లో కుదిరితే, మరికొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్ద దెబ్బ తగల్లేదు. కాబట్టి మధ్యాహ్నం పోతే సాయంత్రం ఏడింటికి మామూలుగా కూర్చోండి. పోయిన గంటలను రాత్రి రాబట్టుకోవద్దు. పదిన్నరకు దీపం ఆర్పేయండి.

ఈ వారం పని

ఏడు రోజులు, రోజుకొక తెల్లకాగితం. పై అంచున తేదీ, రాయడం మొదలుపెట్టిన టైం. కింద చూడకుండా రాసినది నల్ల సిరాలో, పుస్తకం చూసి నింపినది ఎర్ర సిరాలో. ఐదింటికి ఆపినప్పుడు కాగితం మూలన ఆ టైం కూడా వేయండి. మొదటి రెండు రోజులు ఎరుపే ఎక్కువగా ఉంటుంది, కంగారుపడొద్దు, చింపేయొద్దు. ఏ రోజైనా పూర్తిగా తప్పితే ఖాళీ కాగితం మీద తేదీ మాత్రం వేసి ఫైల్‌లో పెట్టండి.

ఐదో పాఠంలో ఇంటివాళ్ళతో డబ్బు గురించి, గడువు గురించి ఎలా మాట్లాడాలో చూద్దాం. దానికి మీ నెల ఖర్చు వివరంగా కావాలి: గది అద్దె, మెస్, టెస్ట్ సిరీస్, చాయ్‌తో సహా. ఈ వారంలోనే అది రాసి ఫైల్ వెనక అట్టకు పిన్ చేసి ఉంచండి.