బ్రౌజర్‌తో కన్నడ, 4వ పాఠం: ఎక్స్‌టెన్షన్‌కి ఎంత చనువివ్వాలి?

పోయిన పాఠం చదివి ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. మారతహళ్లిలో పీజీలో ఉండే ఒకమ్మాయి స్టోర్‌లో ‘కన్నడ ట్రాన్స్‌లేట్’ అని వెతికి, పైన కనిపించినదే పెట్టేసుకుంది. అప్పటినుంచి ఏం వెతికినా ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీ తెరుచుకుంటోందట. అమ్మా, దాన్ని తీసేసి, సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్ కూడా మార్చుకోండి. ఇంకొకరు ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు వచ్చే హెచ్చరిక చూసి టెన్షన్‌తో అన్నీ తీసేశారు. అందుకే సబ్‌టైటిల్స్ పాఠం వచ్చేవారానికి జరుపుతున్నాను.

పెట్టడం, తీయడం మీకు వచ్చు, మళ్లీ చెప్పను.

అసలు చిక్కు ఆ హెచ్చరికతోనే: ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు.’ ఇది కనబడగానే దొంగ సరుకు అనుకోకండి. ఏ పేజీలోనైనా కన్నడ పదానికి అర్థం చూపించాలంటే ఆ పేజీ చదవక తప్పదు. యాడ్‌లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ కూడా ఇదే అడుగుతుంది. కానీ అదే అనుమతితో మీ బ్యాంకు పేజీనీ చదవొచ్చు. మంచిదీ చెడ్డదీ ఒకే మాట అడుగుతాయి కాబట్టి హెచ్చరికను బట్టి ఏదీ తేలదు.

స్టోర్‌లో కనిపించే స్టార్లను బట్టి అసలే తేలదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ని లక్షల మంది వాడేవారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఉందని గూగుల్ దాన్ని ఆపేసింది. ఎక్స్‌టెన్షన్లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. మీరు అనుమతి ముందే ఇచ్చేశారు కాబట్టి కొత్త యజమాని మళ్లీ అడగాల్సిన పని లేదు.

కాబట్టి రెండింటిని పోల్చేటప్పుడు, ఏది తక్కువ చనువుతో పని చేస్తుందో చూడండి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌కి వెళ్తే సైట్ యాక్సెస్ ఉంటుంది, అది ఏయే సైట్లను చదవొచ్చో అక్కడే తేల్చవచ్చు. డిక్షనరీకి ‘ఆన్ క్లిక్’ (మీరు నొక్కినప్పుడే పేజీ చదవడం) చాలు. సబ్‌టైటిల్స్‌తో భాష నేర్పే లాంగ్వేజ్ రియాక్టర్‌ని మనం వాడేది యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్‌ల కోసం. ఆ రెండు సైట్లే ఇవ్వండి. యాడ్ బ్లాకర్‌ని అలా కట్టేస్తే ఉపయోగం పోతుంది, అందుకే ఒక్కటే పెట్టుకోండి. క్రోమ్‌లో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ లైటే దిక్కు. పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తోంది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే బిట్‌వార్డెన్ మాత్రం తప్పకుండా ఉండాలి. కరెంటు బిల్లు పేరుతో నకిలీ లింకు వస్తే, అడ్రసు కలవదు కాబట్టి అది పాస్‌వర్డ్ చూపించదు.

నేనైతే కన్నడకి బ్రౌజర్‌లో విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకున్నాను. ఎక్స్‌టెన్షన్లు ఏ ప్రొఫైల్‌వి ఆ ప్రొఫైల్‌లోనే ఉంటాయి. అందులో బ్యాంకు తెరవను, ఆఫీసు మెయిల్ తెరవను.

అభ్యాసం: డిక్షనరీని ‘ఆన్ క్లిక్’లో పెట్టి, కన్నడ పత్రిక ప్రజావాణి సైట్‌లో ఒక వార్త మొత్తం పైకి చదవండి. లిపి మనదానికి దగ్గరే, తడుముకుంటూ అయినా వస్తుంది. ఐదు పదాలకే అర్థం చూడొచ్చు. ఏ ఐదు చూడాలో వార్త చివరిదాకా చదివాకే తేల్చుకోండి.