తిరుపతిలో కాపురం పెడుతున్నారా, ముందు యాత్రికుల్లా కనపడటం మానేయండి

మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా ఆయనకి రేణిగుంట వైపు ఉద్యోగం రావడంతో సామాన్లు లారీకెత్తించేసి మేము పూరీ-తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాం. ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఇందులో కొత్తగా అలవాటు పడాల్సింది ఏముంటుందిలే అనుకున్నా. ఆ ధైర్యం స్టేషన్ బయటికొచ్చేవరకే. నా భుజానికి పెద్ద బ్యాగు, చంకలో పిల్లాడు, వాడికేమో నున్నటి గుండు (వారం కిందటే ఊళ్లో పుట్టువెంట్రుకలు తీయించాం), ఆటో అతను చూడగానే "కొండకా స్వామీ" అన్నాడు. కాదు బాబూ కొర్లగుంట అంటే, కొండ దాకా వెళ్లొచ్చేంత రేటు చెప్పాడు, మేమూ నోరు మూసుకుని ఇచ్చేశాం.

తర్వాత అర్థమయిందేంటంటే ఇక్కడ ఒకే ఊళ్లో రెండు ఊళ్లున్నాయి. ఒకటి యాత్రికులది, రెండోది ఇక్కడ బాడుగలు కట్టుకుంటూ పిల్లల్ని బడికి పంపుకుంటూ బతికేవాళ్లది. ఆటో రేటు, ఇడ్లీ రేటు, చివరికి పలకరింపు కూడా దేనికది వేరు. మొదటి ఊళ్లోంచి రెండో ఊళ్లోకి ఎంత బేగి (మా వైపు తొందరగా అని) దూరితే అంత డబ్బు, అంత ఓపిక మిగులుతాయి, నేను చెప్పేదంతా దానికోసమే.

ముందు ఇల్లు. స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల చూడకండి, అదంతా లాడ్జీల రాజ్యం, రాత్రి రెండింటికి కూడా హారన్లు ఆగవు. రేణిగుంట, ఏర్పేడు వైపు ఫ్యాక్టరీల్లోనో ఐఐటీలోనో పనయితే కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు వైపు చూస్కోండి, యూనివర్సిటీలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో అయితే బాలాజీ కాలనీ, కేటీ రోడ్డు, ఎం.ఆర్.పల్లి. యాప్‌లో వెతికితే బ్రోకర్లే దొరుకుతారు, సాయంత్రం ఎండ తగ్గాక నాలుగు వీధులు నడిస్తే గేట్లకి వేలాడే టు-లెట్ బోర్డులు బోలెడు. అద్దె అనకండి, బాడుగ అనండి. మేడ అనకండి, మిద్దె అనండి, "మిద్దె మీద పోర్షన్ బాడుగ ఎంతక్కా" అని అడిగితే ఓనరమ్మ కొంచెం దిగొస్తుంది. మాంసం వండుతారా అని అడుగుతారు, కులం కూడా మొహమాటం లేకుండా అడిగేసేవాళ్లున్నారు, నాకైతే ఒళ్లు మండేది, అలాంటి రెండిళ్లు వద్దనుకుని వచ్చేశాం. సంపు ఉందా, బోరు ఉందా, ఎండాకాలంలో నీళ్లు వస్తాయా అన్నది ఓనర్ని కాదు, కింద పోర్షన్లో ఉండేవాళ్లని అడగండి.

ఇంకోటి, ఇక్కడ గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో పడతాయి. 2021 నవంబర్లో వానలకి ఊళ్లో లోతట్టు కాలనీలు చాలా మునిగాయి, మా వీధివాళ్లు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి "నీళ్లు ఇంతదాకా" అని చూపిస్తారు. కాబట్టి మీరు మే నెలలో ఇల్లు చూసినా సరే, నవంబర్లో ఇక్కడెలా ఉంటుంది అని అడిగి మరీ అడ్వాన్స్ ఇవ్వండి. వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి కింద వానలో బండి పోనివ్వకండి, ఎంత తొందరున్నా చుట్టు తిరిగి వెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతి, మాట. ఇక్కడ షాపు కాదు అంగడి, ఉల్లిపాయలు కాదు ఎర్రగడ్డలు, వెల్లుల్లి తెల్లగడ్డలు, బంగాళాదుంప ఉర్లగడ్డ, కొబ్బరికాయ టెంకాయ. ఇవన్నీ రెండు రోజుల్లో వచ్చేస్తాయి. దెబ్బ కొట్టేది ఏదంటే రెండు చోట్లా ఒకేలా వినిపించి అర్థం వేరేగా ఉండే మాట. వచ్చిన డిసెంబర్లోనే వీధి చివర కూరలమ్మే ఆవిడ దగ్గరికెళ్లి ఆనపకాయ ఒకటి ఇవ్వండి అన్నాను. మాకు ఆనపకాయంటే సొరకాయ కదా. ఆవిడ నా మొహం చూసి, "ఒక కాయతో ఏం కూర జేస్తావుమ్మా, కేజీ అన్నా తీసుకో" అంటూ గోనె మీద పోసిన చిక్కుడుకాయల్లాంటివి తక్కెట్లో వేసేసింది. ఇవి కాదండీ అంటే "అనపకాయలు కాక ఇంకేందిమ్మా ఇవి" అని నవ్వింది. వాదించలేక కేజీ పట్టుకుని ఇంటికొచ్చా.

పక్కింటి అక్క ఆ సంచి చూసి మురిసిపోయింది, ఎందుకంటే ఈ ఊళ్లో చలికాలం వచ్చిందంటే అందరూ ఎదురుచూసేది ఈ కాయల కోసమే. కాయలు ఒలిచి గింజలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఒక్కో గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి, తోలు చేతిలో ఉండిపోయి లోపలి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. మొదటిసారి నేను నొక్కితే సగం గింజలు గిన్నె బయటే పడ్డాయి, మా పిల్లాడు వాటి వెనకాల పాకుతూ ఏరుకొచ్చాడు. ఆ గంటన్నర కూర్చుని పితుకుతుంటే అక్క నాకు పాలవాడెవరు, ఏ డాక్టర్ మంచివాడు, ఏ ఇంటావిడతో జాగ్రత్తగా ఉండాలి అన్నీ చెప్పేసింది, ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం. అందుకే చెప్తున్నా, చలికాలంలో వస్తే రెండు కేజీల అనపకాయలు కొనుక్కుని ఎలా చెయ్యాలో తెలీదక్కా అని పక్కింటి తలుపు కొట్టండి. ఆ కూర రాగిసంగటిలోకైనా దోసెలోకైనా బాగుంటుంది. చేపలంటే ప్రాణం పెట్టేవాళ్లకి మాత్రం కొంచెం దిగులే, సముద్రం పక్కన పెరిగిన నాలుక ఇక్కడ సర్దుకోవాల్సిందే.

యాస మార్చుకోనక్కర్లేదు. నేను "బేగి పోనీ" అంటే ఆటో అతను వెనక్కి తిరిగి చూసేవాడు, ఇక్కడ దానికి "బిన్నా" అంటారు. నేను బిన్నా నేర్చుకున్నా, పక్కింటి అక్క బేగి నేర్చుకుంది. ఆటోలో అయితే ఎంత అని అడగొద్దు, ఎక్కి కూర్చుని "లీలామహల్ సర్కిల్" అనో "అన్నమయ్య సర్కిల్" అనో అనండి చాలు, అడిగారంటే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

కాగితాల పని విసుగే కానీ వాయిదా వెయ్యకండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, పాత అగ్రిమెంట్ నమూనాల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే టైపు చేసి ఉంటుంది, సంతకం పెట్టేముందు చూసుకోండి. రెంటల్ అగ్రిమెంట్‌తో ఆధార్ అడ్రస్, ఫారం 8తో ఓటు మార్చుకోండి, వార్డు సచివాలయంలో కూడా చెప్పండి. శ్రీకాకుళం వైపు మనకి ఈపీడీసీఎల్ అలవాటు, ఇక్కడ కరెంటు బిల్లు ఎస్పీడీసీఎల్‌ది, యాప్ మారుతుంది. ఆధార్ మీద తిరుపతి అడ్రస్ పడితే ఇంకో లాభం ఉంది: స్థానికులకి నెలలో మొదటి మంగళవారం శ్రీవారి దర్శనం 2024 డిసెంబర్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు, టోకెన్లు ముందుగా తీసుకోవాలి, ఎక్కడ ఎప్పుడిస్తారో వెళ్లేముందు కనుక్కోండి.

మే నెలలో ఎండ మామూలుగా ఉండదు, కానీ ఊరు వదిలి పుట్టింటికి పారిపోకండి, అప్పుడే తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఇది యాత్రికుల ఊరికి పెద్దగా తెలీని పండగ. మొదటి ఏడాది పొద్దున్నే తలుపు తీస్తే ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము పూసుకున్న ఒకడు నిలబడున్నాడు, నేను కేక పెట్టా, చూస్తే ఎదురింటి డిగ్రీ కుర్రాడు, బైరాగి వేషం. రోజుకో వేషం, మగవాళ్లు చీరలు కట్టుకుని కొప్పులు పెట్టుకుని తిరుగుతారు, వేషంలో ఉన్నవాడు తిట్టినా ఎవరూ పట్టించుకోరు. గంగమ్మ వెంకన్నకి చెల్లెలంట, కొండ నుంచి సారె వస్తుంది. చివరిరోజు పొంగలి పెట్టడానికి పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లండి, పనుందని చెప్పకండి.

ఇక చుట్టాలు. తిరుపతిలో ఇల్లు తీసుకున్నారంటే మీరు సత్రం తెరిచినట్టే. జన్మలో ఫోన్ చెయ్యని పెదనాన్న కొడుకు కూడా "అక్కా, నువ్వక్కడే ఉన్నావు కదా, వీఐపీ దర్శనం చేయించలేవా" అంటాడు. మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేయండి: 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో అయిపోతాయి, అవి దొరక్కపోతే విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లో ఉచిత టోకెన్లకి లైన్లో నిలబడాలి, టికెట్ ఇప్పిస్తానని రోడ్డు మీద పలకరించేవాడికి పైసా ఇవ్వకూడదు. నడిచి ఎక్కుతామంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388, తక్కువే కదా అని అటు పంపకండి, ఆ దారి నిటారుగా ఉంటుంది, మా అత్తగారి మోకాళ్లు రెండ్రోజులు మాట వినలేదు. పురటాసి (సెప్టెంబర్-అక్టోబర్లో వచ్చే తమిళ నెల) శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ మూడింటికీ రావొద్దని ముందే చెప్పండి, వినరు, అయినా చెప్పండి.

రేపు పొద్దున్న మా చిన్నాన్న వాళ్లు ఎనిమిది మంది దిగుతున్నారు, పిల్లల్లో ఇద్దరికి మొక్కు గుండ్లు. పక్కింటి అక్కని రెండు పరుపులు అడగాలి.